దారి మరవని చుక్క

మాఘమాసం పొద్దు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర బండి ఆపి, చెప్పులు చేతబట్టుకుని ప్రళయకావేరి బురదలోకి దిగాను. పటాల్లో పులికాట్ సరస్సు అని ఉంటుంది. మా అవ్వ నోట మాత్రం అది ఎప్పుడూ ప్రళయకావేరే. పైన వేలెడు మందాన బూడిదరంగు ఒండ్రు. దాని కింద కాటుక నలుపు. కాలు దిగబడగానే మురిగిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. చిన్నప్పుడు ఆ వాసనకు ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఊపిరి నిండా పీల్చుకున్నాను. చమురు చుక్కా, అది నీ పురిటి వాసన.

నువ్వు పుట్టింది ఈ సరస్సులోనే అని నేననను. మోకాటి లోతు నీళ్ల కింద, తుపానొస్తే తిరగబడే ఈ బురద రేపు చమురవుతుందనీ చెప్పను. కానీ నువ్వు పుట్టిన చోటూ ఇలాగే ఉండి ఉంటుంది. కదలని నీళ్లు, మెత్తటి ఒండ్రు, గాలి చొరని నలుపు. నిన్ను తలుచుకోవడానికి మా ఊరికి ఇంతకన్నా దగ్గరి గుడి లేదు. అందుకే ఇక్కడ నిలబడి నీకు దండం పెడుతున్నాను.

ఎండ నీళ్లలోకి దిగుతుంది. కంటికి ఆనని నాచుకణాలు ఆ ఎండను తాగి పచ్చబడతాయి. బతికినన్నాళ్లూ ఎండను ఒంట్లో దాచుకుని, చచ్చి, మెల్లగా అడుగుకు దిగుతాయి. దారిలో రొయ్యపిల్ల తింటుంది. అడుగున పురుగు తింటుంది. పురుగు వదిలింది బ్యాక్టీరియా తింటుంది. సముద్రంలో పుట్టిన పచ్చదనంలో నూటికి ఒక పాలు కూడా మట్టికి చిక్కదు. ఆ చిక్కిన పిడికెడూ ప్రాణవాయువు అందని నల్ల బురద పొట్టలో పడితేనే దక్కుతుంది. అక్కడ బతికే బ్యాక్టీరియాకు ఉప్పునీటిలోని సల్ఫేటే ఊపిరి. అది వదిలేది హైడ్రోజన్ సల్ఫైడు. మేం ముక్కు మూసుకున్న ఆ వాసన చెప్పేది ఒక్కటే మాట. ఇక్కడ ఏదో దక్కింది, ఏదో దాగింది.

కాస్త దూరంలో ఫ్లెమింగోలు మేస్తున్నాయి. పక్షుల పండగకు ఊరూరి జనం చూడవచ్చేది వీటినే. ఒకదాని మీదే చూపు నిలిపాను. పొడుగాటి కాళ్లతో బురదను తొక్కి తొక్కి కలిపింది. మెడ వంచి, తల తిరగేసి, ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఆడించింది. ముక్కులోని సన్నటి జల్లెడ నుంచి నీళ్లు జారిపోయాయి; నాచు, నలుసంత రొయ్యలు లోపల నిలిచాయి. గుడ్డులోంచి వచ్చిన నాడు ఆ పక్షి బూడిదరంగుది. రెక్కల్లోని ఆ గులాబి అది తిన్న తిండిది. నాచు తయారుచేసిన కెరొటిన్ రంగు, నాచును తిన్న రొయ్య ఒంట్లోకి, రొయ్యను తిన్న పక్షి ఈకల్లోకి ఎక్కింది.

ఆ కెరొటిన్ బురదలోనూ పడుతుంది. నలభై కార్బన్ల అణువు అది. కోట్ల ఏళ్లు నేలలో నలిగి, జంట బంధాల్లో హైడ్రోజన్ చేరి, రంగు పోగొట్టుకుంటుంది. ఆకారం మాత్రం పోగొట్టుకోదు. అప్పుడు దాని పేరు కెరొటేన్. అమెరికాలోని గ్రీన్ రివర్ షేల్‌లో, పాత ఉప్పు సరస్సుల అడుగున పుట్టిన నూనెల్లో శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. వెలిసిపోయిన గులాబిని చూసి, ఒకానొకనాడు అక్కడ ఉప్పు సరస్సు ఉండేదని చెప్పగలిగారు.

చుక్కా, నువ్వు పుట్టిల్లు మరవవు. తిన్న సెగను మరవవు. నడిచిన దారిని మరవవు. చేరిన ఇంట్లో ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చారో కూడా మరవవు. నీ ఒంటి మీది ఆ రాత చదివే విద్యకు భూరసాయన శాస్త్రమని పేరు. నీతో పాటు ఆ విద్యకూ ఈ దండం.

*

మా అవ్వ పెరట్లో దాలి ఉండేది. పిడకలు రాజేసి, పైన కుండలో పాలు పెట్టి, మూత వేసి పొద్దంతా వదిలేసేది. మంట కనపడదు. పొంగు రాదు. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. మేం మూత తీయబోతే "దాలి మీది పాలను కదిలించబాకండిరా" అని కసిరేది.

భూమి నిన్ను వండింది అలాంటి దాలి మీదే. నువ్వు పుట్టే లోతును చమురు శాస్త్రం తెలిసినవాళ్లు కూడా వంటిల్లనే పిలుస్తారు. ఒండ్రు మీద ఒండ్రు పడుతుంది. కింది బురద బరువుకు నలిగి, నీళ్లు వదిలి, షేల్ అనే పలకరాయి అవుతుంది. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ప్రాణులు వదిలిన పదార్థం ముందు కెరోజెన్ అనే ముద్దగా బిగుసుకుంటుంది. మామూలు ద్రావకాలకు లొంగని మొండి ముద్ద అది. వేడి 60 డిగ్రీలు దాటాక అది మెల్లగా విరగడం మొదలెడుతుంది. 120, 150 డిగ్రీల దాకా నూనె కారుతుంది. అంతకు మించితే నూనె కూడా విరిగి వాయువు మిగులుతుంది. ఒక్కో వంటకు లక్షల ఏళ్లు, కోట్ల ఏళ్లు.

ఎంత సెగ తగిలిందో నీ ఒంటి మీదే తెలుస్తుంది. ప్రాణి అల్లిన అణువుకు ఒకటే చేతివాటం. నాచుకణం తన స్టెరాల్‌ను ఎప్పుడూ ఒకే వాటంగా అల్లుతుంది. అది నేలలో పడి స్టెరేన్‌గా మారి, సెగ తగిలేకొద్దీ కొన్ని అణువులు వాటం మార్చుకుంటాయి. ఎన్ని మార్చుకున్నాయో లెక్కపెడితే నువ్వు ఎంత కాగావో తెలుస్తుంది. పాల ఎరుపు చూసి మా అవ్వ చెప్పినట్టే.

*

నేలకింద నీకొక గుహ ఉంటుందని, అందులో నువ్వు బావినీళ్లలా నిలిచి ఉంటావని చాలామంది అనుకుంటారు. ఎండాకాలం కాళంగి ఏటి ఇసుకలో చెలమ తవ్వినవాళ్లకు అసలు సంగతి తెలుసు. పైకి పొడి ఇసుక. మూరెడు తవ్వితే తడి. ఇంకాస్త తవ్వి చేయి ఆపితే, రేణువుకూ రేణువుకూ మధ్య నుంచి నీళ్లు ఊరి గుంట నిండుతుంది. నీ ఇల్లు అలాంటి ఇసుకే, కాకపోతే రాయిగా గట్టిపడిన ఇసుక. ఆ రేణువుల సందుల్లో నీకన్నా ముందు ఉప్పునీళ్లు కాపురమున్నాయి. ఆ నీటిని నెట్టుకుంటూ వచ్చి నువ్వు చేరావు.

నీళ్లకన్నా తేలికైనదానివి, కనక నీ నడక పైకే. చొరరాని బంకమన్ను రాయి నెత్తిన తగిలేదాకా ఎక్కుతావు. ఆ రాయి గుమ్మటంలా వంగి ఉంటే దాని కింద కుదురుకుంటావు. అది తలకిందుల చెరువు. మా చెరువులకు కట్ట దిగువన, నీళ్లు కింది నుంచి పైకి, నిండితే కలుజు మీదుగా పొర్లడం. నీ చెరువుకు కట్ట నెత్తిన. నువ్వు నిండేది పైనుంచి కిందికి. గుమ్మటం నిండాక దాని కింది అంచు నుంచి పొర్లి, ఇంకా ఎత్తున ఉన్న గుమ్మటానికి పోతావు.

ఎగువ చెరువు కలుజు పారితేనే దిగువ చెరువుకు నీళ్లు. గొలుసుకట్టు చెరువులు తవ్విన మా పెద్దలకు ఈ లెక్క కొట్టినపిండి. నీ గొలుసుకట్టుది ఎదురునడక. ఆ నడకను 1954లో విలియం గస్సో అనే కెనడా శాస్త్రవేత్త విడమరచి చెప్పాడు. నూనె, వాయువు కలిసి వస్తే, తేలికైన వాయువు మొదటి గుమ్మటం నెత్తికెక్కి కూర్చుంటుంది. అక్కడున్న నూనెను కిందికి తోస్తుంది. ఆ నూనె అంచు దాటి పై గుమ్మటానికి పోతుంది. అందుకే ఒక్కోచోట లోతైన గుమ్మటంలో ఉత్త వాయువు, దాని పైదానిలో నూనె, ఇంకా పైదానిలో ఉప్పునీళ్లు దొరుకుతాయి. లోతున వాయువేమిటి, ఎత్తున నూనె ఏమిటని తికమకపడ్డవాళ్లకు, గొలుసుకట్టు తెలిస్తే తికమక ఉండదు.

*

చుక్కా, నీ గుట్టంతా వరసలో ఉంది. సంక్రాంతి రద్దీలో నాయుడుపేట బస్సు ఎక్కినవాళ్లకు ఈ వరస వివరించక్కర్లేదు. ముందెక్కినవాణ్ణి కండక్టరు లోపలికి జరగమంటాడు. వెనకొచ్చేవాళ్లు తోస్తుంటే అతను చివరి సీటు దాకా పోతాడు. ఆఖరున ఎక్కినవాడు మెట్టు మీద వేలాడతాడు. తలుపు ఎటుందో తెలిస్తే ఎవరు ముందెక్కారో చెప్పొచ్చు. ఎవరు ముందెక్కారో తెలిస్తే తలుపు ఎటుందో చెప్పొచ్చు.

నువ్వు ఇసుకరాయిని నింపేదీ ఇలాగే. వంటింట్లోంచి మొదట బయటపడింది తక్కువ సెగ తిన్న లేత నూనె. అది ముందు చేరి, వెనకొచ్చే నూనె తోస్తుంటే దూరపు కొసకు జరుగుతుంది. ఈలోగా వంటిల్లు ఇంకా లోతుకు దిగుతుంది, సెగ పెరుగుతుంది. తర్వాత వచ్చేది ముదురు నూనె. అది తలుపు దగ్గరే ఆగుతుంది. కనక ఈ కొస బావిలోని నూనెనూ ఆ కొస బావిలోని నూనెనూ పక్కపక్కన పెట్టి, ముదురుపాలు ఎటు పెరుగుతోందో చూస్తే చాలు. వంటిల్లు అటే. కొత్తగా ఎక్కడ వెతకాలో కూడా అటే.

మరి ఇన్నాళ్లలో ఈ నూనెలు కలిసిపోలేదా? చెరువులో తొలివాన ఎర్రనీళ్లు నాలుగు రోజుల్లో అన్ని నీళ్లలో కలిసిపోతాయి కదా? నీ చెరువులో నీకు ఈదే వీల్లేదు. వెంట్రుకకన్నా సన్నటి సందుల్లో అణువు అణువుగా జరగాలి. 1987లో విలియం ఇంగ్లండ్, ఆయన సహచరులు ఆ లెక్క వేశారు. 100 మీటర్ల మందంలో నూనె నిలువునా కలవడానికే దాదాపు పదిలక్షల ఏళ్లు పడుతుంది. కిలోమీటర్ల మేర అడ్డంగా కలవాలంటే కోట్ల ఏళ్లు కావాలి. చాలా క్షేత్రాలకు అంత తీరిక దొరకలేదు. ఉత్తర సముద్రంలోని ఫోర్టీస్ క్షేత్రంలో ఒకే ఇసుకరాయి లోపల చోటుచోటుకూ నూనె తీరు మారడం ఇంగ్లండ్ చూశాడు. కోట్ల ఏళ్ల నాటి రాకపోకలు ఆ తేడాల్లో ఇంకా చెదరకుండా ఉన్నాయి.

పక్కపక్క బావుల్లో నూనె తీరు మెల్లగా మారితే అది నిండిన దారి. ఒక్కసారిగా మారితే నడుమ కంటికి కనపడని గోడ ఉండి ఉండొచ్చు. నేల ఎప్పుడో విరిగి, జరిగి, ఆ విరుపులో బంకమన్ను మెత్తుకుని ఇల్లు రెండు వాటాలయినట్టు. ఆ గోడ సంగతి ముందే తెలిస్తే, ఒక వాటాలో తవ్విన బావి రెండో వాటాను తోడదని ముందే తెలుస్తుంది.

*

నీ తరఫున సాక్ష్యం చెప్పేవి ఎన్నో ఉన్నాయి. కొన్నింటికైనా ఇక్కడ పేరుపేరునా దండం పెట్టాలి.

మొదటి దండం పచ్చదనానికి. 1934లో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మనీ రసాయన శాస్త్రవేత్త ముడిచమురులో పార్ఫిరిన్లను పట్టుకున్నాడు. ఆకుపచ్చదనానికి ఆధారమైన క్లోరోఫిల్ నుంచి మిగిలిన చట్రాలు అవి. నడుమ ఉండాల్సిన మెగ్నీషియం స్థానంలో వనేడియమో నికెలో వచ్చి కూర్చుంది, చట్రం మాత్రం నిలిచింది. చమురు ప్రాణుల నుంచే వచ్చిందనడానికి చేతికి చిక్కిన రుజువు అది. మసిలాంటి నీ నలుపులో పచ్చదనాన్ని చూసిన ఆ కళ్లకు దండం.

రెండో దండం హోపేన్‌కు. బ్యాక్టీరియా తన పొరకు దన్నుగా కట్టుకున్న అణువు అది. కోట్ల ఏళ్ల తర్వాత కూడా నూనెలో గట్టిగా నిలిచి ఉంటుంది. ఆ పేరు హోపియా అనే చెట్టు బంక నుంచి వచ్చింది. ఆ చెట్టుకు హోపియా అని పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్, తన గురువు జాన్ హోప్ గుర్తుగా. రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి మొక్కలు పెంచినవాడు, కోరమాండల్ తీరపు మొక్కల మీద గొప్ప గ్రంథం వెలువరించినవాడు. ఆ గ్రంథంలోనే హోపియా కనపడుతుంది. ప్రపంచంలో ఏ చమురు ప్రయోగశాలలో హోపేన్ అన్నా, ఆ మాట వెనక ఎక్కడో మన తీరం పేరు మోగుతుంది.

మూడో దండం రాయిలో చిక్కిన చుక్కకు. ఇసుకరాయి రేణువు మీద క్వార్ట్జ్ కొత్తగా పేరుకునేటప్పుడు, ఆ పూట అటుగా పోతున్న నూనె తుంపర అందులో చిక్కుకుపోతుంది. సూదిమొనకన్నా ఎన్నో రెట్లు చిన్నది. రాయిని పల్చగా కోసి, అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మదర్శినిలో చూస్తే చీకట్లో మిణుగురులా వెలుగుతుంది. లోపల నూనె, నడుమ వాయువు బుడగ. మెల్లగా వేడిచేస్తూ పోతే ఒక దశలో బుడగ మాయమవుతుంది. అది మాయమైన వేడిని బట్టి, ఆ తుంపర చిక్కిన నాడు రాయి ఎంత వేడిగా ఉందో అంచనా కడతారు. ఇప్పుడు నీళ్లే ఉన్న రాయిలో అలాంటి మిణుగురులు కనపడితే, ఒకప్పుడు అక్కడా నూనె ఉండేదని, తర్వాత జారిపోయిందని తెలుస్తుంది.

నాలుగో దండం ఇల్లైట్‌కు. ఇసుకరాయి సందుల్లో నూలుపోగుల్లా పెరిగే బంకమన్ను ఖనిజం అది. పెరగడానికి నీళ్లు కావాలి. నువ్వొచ్చి నీటిని తోసేస్తే దాని పెరుగుదల నిలుస్తుంది. దానిలోని పొటాషియం-40 అనే మూలకరూపం 125 కోట్ల ఏళ్లకు సగం చొప్పున తరుగుతూ, ఆ తరుగులో కొంత ఆర్గాన్‌గా పోగవుతుంది. ఆ ఆర్గాన్‌ను కొలిచి ఆఖరు పోగు ఎప్పుడు పెరిగిందో లెక్కగడతారు. అంటే నువ్వు ఆ ఇంట అడుగుపెట్టిన కాలం అటూఇటూగా తెలుస్తుంది. గృహప్రవేశం నాడు ఆగిన గడియారం లాంటిది.

ఐదో దండం రెండుసార్లు నిండిన ఇళ్లకు. వేడి 80 డిగ్రీల లోపు ఉన్న రాయిలో బ్యాక్టీరియా నూనెను కూడా తింటుంది. ముందు తిన్నని గొలుసు అణువులను తింటుంది, కొమ్మలున్నవాటిని తర్వాత, హోపేన్ లాంటి గట్టివాటిని చాలా ఆలస్యంగా కొరుకుతుంది. అలా కొరికిన గుర్తు 25-నార్‌హోపేన్. ఒకే నూనెలో ఆ కొరికిన గుర్తులూ చెక్కుచెదరని తిన్నని గొలుసులూ కలిసి కనపడ్డాయంటే, మొదట వచ్చిన నూనె చెడ్డాక కొత్త నూనె వచ్చి చేరిందన్నమాట. పాడుబడ్డ ఇంట్లో మళ్లీ దీపం పెట్టినట్టు.

*

మన గోదావరి సీమలో నీ ఇళ్లకు మన ఊళ్ల పేర్లే. కొమ్ముగూడెం, మండపేట, గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి, రాజోలు, పాశర్లపూడి, వడపర్రు, రవ్వ. రాతిపొరల జాబితా చదువుతుంటే పల్లెవెలుగు బస్సు ఆగే ఊళ్లు చదివినట్టుంటుంది. అందులోని తిరుపతి ఇసుకరాయి మా కొండది కాదు, ద్వారకా తిరుమల దగ్గరి చిన్న తిరుపతిది. రాఘవాపురం షేల్ బురదగా పడిన క్రెటేషియస్ యుగంలోనే మా సత్యవేడు ఇసుకరాళ్లూ పడ్డాయి. వాటిలో ఆనాటి ఆకుల అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి.

కృష్ణా గోదావరి బేసిన్ ఒకటే అయినా నీ పుట్టిళ్లు ఎన్నో. కొమ్ముగూడెం పొరలో 25 కోట్ల ఏళ్లు దాటిన పెర్మియన్ అడవులు బొగ్గుగా, షేల్‌గా మిగిలాయి; మండపేట ఇసుకరాయిలోని వాయువుకు ఆ పొరే పుట్టిల్లంటారు. 1987లో సూరసాని యానం ఎదుట సముద్రంలో బయటపడిన రవ్వ నూనె అంతకు ఎంతో చిన్నదైన మయోసీన్ ఇసుకలో ఉంది. దాని తల్లిని వడపర్రు షేల్ లాంటి కిందిపొరల్లో వెతికారు. 2002లో లోతు సముద్రంలో దొరికిన ధీరూభాయి క్షేత్రాల వాయువుది వేరే కథ. అది దాలి మీద కాగింది కాదు, చల్లటి బురదలో సూక్ష్మజీవులు చేసిన మీథేన్.

ఆ తేడా ఎలా తెలిసింది? కార్బన్‌లో తేలిక కార్బన్, బరువు కార్బన్ ఉన్నాయి. సూక్ష్మజీవి తేలికదాన్నే ఏరుకుంటుంది. కనక అది చేసిన మీథేన్‌లో బరువు కార్బన్ బాగా తక్కువ. సెగకు విరిగి పుట్టిన మీథేన్‌లో ఎక్కువ. పొయ్యి మీద రెండూ ఒకే నీలంగా మండుతాయి. పుట్టిల్లు వేరని తూచినవాడికే తెలుస్తుంది.

నీ మంటనూ మరవకూడదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి అదుపు తప్పి లేచిన మంట 65 రోజులు ఆరలేదు. కోనసీమ రాత్రులు ఎర్రబడ్డాయి, జనం ఇళ్లు వదిలారు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా పోయారు. కోట్ల ఏళ్ల సహనాన్ని మనం ఒక్క పూటలో తోడుకోబోయినప్పుడు ఎంత ఒద్దిక కావాలో ఆ ఊళ్లకు తెలుసు. నిన్ను చదవడం ఎంత గొప్పో, నీ దగ్గర జాగ్రత్తగా మసలడం అంతకన్నా గొప్ప.

*

నిన్ను చదివేవాళ్లను చూస్తే నాకు పంచాంగం చూసేవాళ్లు కాదు, విత్తనం చూసే రైతులు గుర్తొస్తారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు పొలాల్లో బోలు గొట్టం దించి మనిషి లోతు మట్టి తీస్తారు. తీసిన మట్టిని వెంటనే అల్యూమినియం రేకులో చుట్టి బిగిస్తారు. ప్రయోగశాలలో ఆ మట్టి మీద ఆమ్లం పోస్తే, రేణువులకు అంటుకున్న ఈథేన్, ప్రొపేన్ జాడలు వదులుతాయి. కిలోమీటర్ల లోతున ఉన్న నువ్వు ఎక్కడో ఒక సందులోంచి విడిచిన నిట్టూర్పు అది. ఆ నిట్టూర్పును పట్టుకోవడానికి దుమ్ములో, ఎండలో గట్ల వెంబడి నడిచేవాళ్లకు దండం.

నూనె దొరికాక ప్రయోగశాలలో జరిగే పని ఇంకా నిదానం. ఒక చుక్కలో పదోవంతు కూడా అక్కర్లేదు. వెంట్రుకలా సన్నటి, చుట్టలు చుట్టిన గాజుగొట్టంలోకి దాన్ని పంపుతారు. హీలియం వాయువు మోసుకుపోతుంటే తేలిక అణువులు ముందు, బరువు అణువులు వెనక బయటికొస్తాయి. తెర మీద ఒక్కో అణువుకు ఒక్కో శిఖరం లేస్తుంది. గంటసేపటికి వరసగా తాటితోపు నిలబడినట్టు ఉంటుంది. ఆ తోపులో ఏ చెట్టు పొడుగు, ఏది పొట్టి, ఎక్కడ ఖాళీ ఉందో చూసి నీ పుట్టిల్లు చెబుతారు.

ఆ చదువు నూనె వెతకడానికే కాదు. 2017 జనవరి 28న మా సరస్సుకు దక్షిణాన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు సముద్రంలో కలిసింది. తీరమంతా నల్లబడింది. బకెట్లతో, చేతులతో ఎత్తి పోశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జిగురు ఏ ఓడదో, ఏ గొట్టానిదో తేల్చడానికి ఎక్కడైనా పనికొచ్చేది ఈ హోపేన్ల చదువే. ఎండకు, అలకు, బ్యాక్టీరియాకు అంత తేలికగా లొంగని ఆ గట్టి అణువులు నీళ్లలోనూ నీ ఇంటిపేరు మార్చవు. ప్రళయకావేరిని నమ్ముకుని వల వేసేవాళ్లకు ఆ చదువు కాపలాదారు.

*

2023 జూలై 14 మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచిన పూట మా ఊరు ఊరంతా మిద్దెల మీదే ఉంది. ముందు వెలుగు, కాసేపటికి గుండెలో దడలా ఉరుము. ఆ రాకెట్‌కు రెండు పక్కలా ఉన్న ఘన ఇంధన స్తంభాల్లో మండింది హెచ్‌టీపీబీ అనే రబ్బరులాంటి పదార్థం కలిపిన మందు. ఆ హెచ్‌టీపీబీ బ్యూటడైన్ నుంచి వస్తుంది, బ్యూటడైన్ పెట్రోలియం నుంచి. ఏనాటిదో సముద్రపు ఎండ, ఏనాటిదో నాచు, మా కళ్లముందు తెల్లటి పొగగా చంద్రుడి వైపు ఎక్కింది.

ఆ పొగ కింద ప్రళయకావేరి మెరుస్తూ ఉంది. దాని నీళ్లలో ఆ పూట కూడా కొత్త నాచు ఎండ తాగుతూ ఉంది. చుక్కా, నీ మొదలూ నీ ఎత్తూ ఒకే చూపులో పట్టే ఊరు మాది. అందుకే నీకు స్తోత్రం చెప్పే హక్కు మాకు కాస్త ఉందనుకుంటాను.

*

ఎండెక్కింది. ఫ్లెమింగోలు ఇంకాస్త లోపలికి జరిగాయి. వెనక్కి తిరిగి, దిగబడిన కాలు పైకి లాగాను. బురద చప్పుడు చేసి వదిలింది. నా పాదం ఉన్నచోట నల్లటి గుంట మిగిలింది.

చిన్నప్పుడు కాళంగిలో చెలమ తవ్వి, నీళ్లకు తొందరపడి చేయి పెట్టబోతే అవ్వ ఆపేది. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, పక్కన గొంతుక్కూర్చుని, తేటనీళ్లు ఊరేదాకా చూసేది. ఆమె చూపు గుంట నడుమ ఉండేది కాదు. ఏ పక్క నుంచి ఊట వస్తోందో ఆ పక్కనే ఉండేది. మరుసటి రోజు ఆ పక్కనే తవ్వేది.

బురదలో గొంతుక్కూర్చున్నాను. నా అడుగు గుంటలోకి నీళ్లు మెల్లగా వస్తున్నాయి. మడమ వైపు నుంచి, సముద్రం ఉన్న వైపు నుంచి. సన్నటి బుడగ ఒకటి లేచి పగిలింది. గుంట నిండేదాకా కదలకుండా చూశాను.